వార్తల మధ్యలో వచ్చే మనిషి

ఆ వేసవిలో మా అత్త సుబ్బలక్ష్మమ్మ రోజుకు ఒక్క పూటే కడుపునిండా తినేది. సాయంత్రం వార్తల మధ్య ప్రకటనలు మొదలయ్యే వేళకు రాగిముద్ద, పులుసు వేసుకున్న పళ్ళెం ఒళ్ళో పెట్టుకొని టీవీకి ఎదురుగా నేలమీద కూర్చునేది. సబ్బు ప్రకటన అయ్యేది. బంగారం తాకట్టు ప్రకటన అయ్యేది. ఆ తర్వాత ఆమె కొడుకు వచ్చేవాడు. వాడు వచ్చాకే మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేది.

ఆమె కొడుకు దేవరాజ్ నా భర్త. డిసెంబరులో ఆయన పోయారు. సిటీ బస్సు కండక్టరు. డ్యూటీ ముగించుకొని కాడుగోడి బస్టాండులో టీ గ్లాసు పట్టుకొని నిలబడి ఉండగా గుండె ఆగిపోయింది. గ్లాసు పగల్లేదని, కింద పెట్టి మరీ కూర్చున్నాడని టీకొట్టు మనిషి తర్వాత నాతో చెప్పాడు.

టీవీలో మాత్రం ఆయన పోలేదు. తెల్ల చొక్కా వేసుకొని, ఎవరి ఇంట్లోనో, ఎవరి సోఫాలోనో కూర్చొని, ఎవరో ఆవిడ అందించిన కాఫీ తీసుకొని మా వైపు తిరిగేవారు.

"ఒకప్పుడు ఫోను మోగితే గుండె ఝల్లుమనేది. వీళ్ళు నా అప్పును సగానికి తగ్గించారు. ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నాను. మరి మీరు?"

కింద ఒక ఫోను నంబరు పరుగెత్తేది.

నిజానికి ఆయనకు ఎప్పుడూ అప్పు లేదు. అది వేషం. మా వైపు జాతర నాటకాల్లో వేషం కావాలంటే కట్టేవాడే నాటకం మేష్ట్రుకు డబ్బు చెల్లించాలి. వేషం ఎంత పెద్దదైతే అంత ఎక్కువ. దేవరాజ్ ఏడాదంతా కూడబెట్టి, ఏటా ఒకటే వేషం కట్టేవారు. ఇచ్చిన మాట కోసం రాజ్యాన్ని, ఆలుబిడ్డలను, చివరికి తనను తానే అమ్ముకొని ఋణం తీర్చిన రాజు వేషం. రెండేళ్ళ కిందట ఆ నాటకం చూడటానికి వచ్చిన ప్రకటనల వాళ్ళెవరో ఆయన ముఖం చూసి, మరునాడు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఆ రోజు ఆయన వంటింట్లోకి వచ్చి చెవిలో చెప్పినట్టు అన్నారు.

"టీచరమ్మా, ఈ లోకంలో వేషానికి ఎదురు దుడ్డిచ్చేవాళ్ళు కూడా ఉండారంట!"

అంత సంతోషంగా ఆయనను నేను మళ్ళీ చూడలేదు.

ప్రకటనలో ఆయన మాట్లాడేముందు కుడిచేయి ఒక్క క్షణం చెవిదాకా వెళ్ళి వస్తుంది. పద్యం ఎత్తుకొనేముందు గురువును తలుచుకొని చెవి ముట్టుకోవాలని మేష్ట్రు నేర్పిన అలవాటు అది. చిత్రీకరణ రోజు వద్దన్నా చేయి ఆగలేదట. సహజంగానే ఉందని వదిలేశారట.

ఆయన పోయిన తర్వాత మా అత్త పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. చుట్టాలు బతిమాలారు, కోప్పడ్డారు. ఒక సాయంత్రం వచ్చిన పిల్లలెవరో టీవీ పెట్టారు. ఇల్లంతా జనం. ఆయన సోఫాలో కూర్చొని కాఫీ తీసుకున్నారు. ఒక్కరు కూడా కదల్లేదు. ఎవరో లేచి టీవీ ఆపబోతే మా అత్త చేయి అడ్డం పెట్టింది.

"ఉండనీ. వాడు మాట్లాడతాండాడు."

ఆయన మాట ముగించాక పళ్ళెం తెమ్మంది.

ఆమె మనసులో ఏముందో నేను అడగలేదు. అడిగితే ఆమె కూడా నన్ను అడిగేది. నేను వంటింటి గడపలో నిలబడి చూసేదాన్ని. లేని మనిషి కనురెప్ప వాల్చి మళ్ళీ ఎత్తుతాడు. కాఫీ ఆవిరి ఆయన ముఖం ముందు లేచి కరిగిపోతుంది. నేను సర్కారు బడిలో సైన్సు టీచరును. ఆవిరి ఎలా లేస్తుందో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. ఆ ఆవిరిని మాత్రం ప్రతిరోజూ అది కరిగిపోయేదాకా చూసేదాన్ని.

*

ఉగాది వెళ్ళింది. పరీక్షలు అయ్యి బడికి సెలవులిచ్చారు. మా వీధి బోరు ఎండిపోయి నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరుసలు కట్టాయి. అలాంటి ఒక మధ్యాహ్నం బాలమ్మ మా గేటు దగ్గర నిలబడింది. ఆమె కూతురు మౌనిక నా తరగతిలో చదువుతుంది. అనంతపురం వైపు నుంచి వచ్చిన కుటుంబం. బాలమ్మ కుందలహళ్ళిలో ఒక పెద్ద ఆఫీసులో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. ఆ ఆఫీసువాళ్ళిచ్చిన నీలం బట్టల్లోనే వచ్చింది.

"సారు ఉండాడా మేడమ్?"

నేను ఏమీ అనకముందే ఆమె చెప్పుకొచ్చింది. "కూసునేదానికి గాదు, డ్యూటీకి పోవాల. సారుతో ఒక్క మాట అడుక్కోని పోతా. ఆయప్ప ఎట్ల బయటపడినాడో."

"దేన్నుంచి?"

"అప్పులోనుంచి మేడమ్. టీవీలో చెప్తాడు గదా."

భర్త కాలు విరిగినప్పుడు ఆడవాళ్ళ సంఘంలో కొంత, బ్యాంకులో కొంత తీసుకుందట. ప్రకటన చూసి ఆ నంబరుకు ఫోను చేసింది. బ్యాంకుకు కట్టడం ఆపెయ్యి, నెలనెలా మాకు కట్టు, మేము మాట్లాడి తగ్గిస్తాం అన్నారట. కట్టింది. ఇప్పుడు ఆ నంబరు ఎత్తేవాళ్ళు లేరు. వసూలుకు వచ్చేవాళ్ళు మాత్రం ఆఫీసు గేటు దగ్గరికే వచ్చి నిలబడుతున్నారు.

"సూపర్‌వైజరు చూసినాడంటే పని పోతాది. నేనే ఏందో తప్పు చేసింటా మేడమ్. సారుకు కుదిరింది గదా! ఏ ఆఫీసరుతో మాట్లాడినాడో, ఏమని అడిగినాడో సారు చెప్తే, నేనూ అట్లే అడుగుతా."

"ముక్కూమొహం తెలియని కంపెనీని ఎలా నమ్మావు బాలమ్మా?"

"కంపెనీని యాడ నమ్మినా? సారును నమ్మినా. మేమంతా కాడుగోడి జాతరలో నాటకం చూసినోళ్ళమే. పెండ్లాన్ని అమ్మేటప్పుడు సారు ఏడిస్తే మా ఆయన కూడా ఏడ్చినాడు. ఆ రాజు వేషం కట్టినోడు అబద్ధం చెప్తాడా?"

చెప్పక తప్పలేదు. "బాలమ్మా, సారు పోయి నాలుగు నెలలు దాటింది."

ఆమె నన్ను చూసింది. నా వెనుక, ఆపి ఉన్న టీవీని చూసింది.

"నిన్న చూసినానే మేడమ్."

"నేనూ చూశాను."

ఆమె గేటు చువ్వ పట్టుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తన బాధ పక్కన పెట్టి, నన్ను ఓదార్చడానికి మాట వెతుక్కుంటోందని నాకు అర్థమైంది. వెతికి వెతికి అంది.

"పోనీలే మేడమ్. అప్పు తీర్చుకోనే పోయినాడు. నిమ్మళంగా నిద్రపోయి పోయినాడు. అదొక్కటి మేలు."

"ఆయనకు అప్పు లేదు బాలమ్మా. ఎప్పుడూ లేదు. అది కూడా వేషమే."

బాలమ్మకు కోపం వస్తుందని అనుకున్నాను. రాలేదు. లెక్క తప్పు చేసిన పిల్ల ఎక్కడ తప్పిందో చూసుకున్నట్టు నేలవైపు చూస్తూ నిలబడింది.

"జాతరలో అయితే మొగానికి రంగు ఉంటాది గదా మేడమ్," అంది చివరికి. "చూస్తానే తెలిసిపోతాది."

లోపల మా అత్త చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. సుత్తి చప్పుడు ఆగిపోయి ఉందని నేను అప్పుడే గమనించాను.

*

మరునాడు బాలమ్మను వెంటబెట్టుకొని బ్యాంకుకు వెళ్ళాను. రోజంతా కూర్చున్నాం. అద్భుతమేమీ జరగలేదు. అప్పు తగ్గలేదు. ఎక్కువ కాలం, చిన్న చిన్న వాయిదాలుగా కట్టడానికి ఒప్పుకున్నారు. వసూలువాళ్ళు ఆఫీసు గేటు దగ్గరికి రాకుండా చూస్తామన్నారు. కంపెనీకి కట్టింది తిరిగి రాలేదు.

ఆ సాయంత్రం ఆయన మళ్ళీ వచ్చారు. చెవి ముట్టుకొని, "మరి మీరు?" అన్నారు. మా అత్త ముద్ద నోట్లో పెట్టుకుంది. ఈ ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో ఆ ముఖం ఇదే క్షణంలో తిరిగిందో అనిపించింది.

అప్పటినుంచి ట్యాంకరు వరుసలో నిలబడ్డప్పుడు పక్కవాళ్ళతో చెప్పడం మొదలుపెట్టాను. మా ఆయనకు అప్పు లేదు, అది నాటకం, ఆ నంబరుకు ఫోను చేయకండి అని. బడిలో చెప్పినట్టే, నెమ్మదిగా. కొందరు తలూపారు. మూడో వీధి నాగలక్ష్మి బిందె కింద పెట్టి నడుముమీద చేయి వేసుకుంది.

"ఏమ్మా టీచరమ్మా, బతికున్నన్నాళ్ళూ దేవరాజన్న ఒక్క టికెట్టు దుడ్డు తినలే. చచ్చినంక నువ్వు అబద్ధాలోన్ని చేస్తాండావే! అంత చదివి ఇదా?"

నా బిందె నిండే వరకు నిలబడి, ఎత్తుకొని వచ్చాను.

*

నాటకం మేష్ట్రు మునినారాయణప్ప మా ఇంటికి వచ్చేసరికి జాతర రోజులు దగ్గరపడ్డాయి. మనిషి వంగిపోయాడు కానీ గొంతు వంగలేదు. రాజు వేషం ఈసారి వేరేవాళ్ళకు ఇచ్చానని చెప్పడానికి వచ్చాడు. చెప్పలేక హార్మోనియం రిపేరు గురించి, ఎండల గురించి మాట్లాడుతూ కూర్చున్నాడు. ఇంతలో వార్తల వేళయింది. దేవరాజ్ వచ్చి, చెప్పి, వెళ్ళారు.

మేష్ట్రు తొడమీద చరుచుకున్నాడు. "కాటికాడ నిలబడి కూడా బాకీలో ఒక్క కాసు తగ్గించండని అడగని రాజప్పా, ఆ రాజు! ఆ వేషం కట్టినోడు ఈడ కూసోని సగం కడితే సాలంటాడే!"

మా అత్త పళ్ళెంలోంచి తలెత్తలేదు. "మీరు వాని దగ్గర దుడ్డు తీసుకోని ఏడిపిస్తిరి. వీళ్ళు దుడ్డిచ్చి కాఫీ తాపిరి. ఎవురు మేలో చెప్పు మేష్ట్రూ."

"సోతినమ్మా నీతో!" అని ఓటమి ఒప్పుకొని మేష్ట్రు నవ్వాడు. మా ఇంట్లో డిసెంబరు తర్వాత నవ్వు వినపడటం అదే మొదలు. నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు. "ఏమన్నా అనుగానీ, వాడు నా మాట ఒక్కటి ఎప్పుడూ దాటలే. ఆ ఏడు జ్ఞాపకముండాదా, పెద్దమనిషి కారేసుకోని ఆలస్యంగా వచ్చింది?"

నాకు జ్ఞాపకం ఉంది. అప్పుడు నేను కొత్త కోడలిని. నాటకం ముగిసి, వేషగాళ్ళందరూ వరుసగా నిలబడి మంగళం పాడేశారు. హారతి ఇంకా వెలుగుతోంది. అప్పుడు దిగాడు ఆ పెద్దమనిషి. నోట్ల దండ తెచ్చి, కాటి పద్యం మీద వన్స్‌మోర్ కొట్టాడు. జనమంతా వన్స్‌మోర్ అని కేకలు. కిరీటం ఇంకా దేవరాజ్ తలమీదే ఉంది. ఆయన రెండు చేతులు జోడించి, వంగి, తెర వెనక్కి నడిచి వెళ్ళిపోయారు. దండ వేయించుకోలేదు.

"వేషం ఒంటిమీదే ఉండె. గొంతూ ఉండె," అన్నాడు మేష్ట్రు. "అయినా పాడలే. ఎందుకంటే నేను నేర్పింటి. మంగళం ముందర ఎన్ని వన్స్‌మోర్లయినా పాడు, పాడేది నువ్వే. మంగళం అయినాక పాడితే అది నువ్వు గాదప్పా, దయ్యం."

మా అత్త చేయి పళ్ళెంలో ఆగింది.

*

నళిని అనే అమ్మాయి మే నెల మొదట్లో వచ్చింది. మహదేవపురలో ఆ ప్రకటన తీసిన సంస్థ మనిషి. అంతకుముందు రెండుసార్లు ఫోను చేసింది. ఒప్పందం నెలాఖరుకు ముగుస్తుందని, మాట్లాడాలని చెప్పింది. మాటల్లో మాటగా, సారు మిమ్మల్ని ఇంట్లో ఏమని పిలిచేవారని అడిగింది. పరామర్శ అనుకొని చెప్పాను.

గుమ్మం బయటే చెప్పులు విడిచి, మా అత్త కాళ్ళకు దండం పెట్టి కూర్చుంది. దేవరాజ్ ఫొటోకు కూడా చేతులు జోడించింది.

"సారీ మేడమ్, ఇలాంటి టైమ్‌లో. యాక్చువల్‌గా మా క్యాంపెయిన్స్ అన్నింట్లో సార్ ఫేస్‌కే హైయెస్ట్ రెస్పాన్స్. జనాలకి ఆయన మీద ఆ ట్రస్ట్ వేరే లెవెల్. క్లయింట్ ఇంకో మూడేళ్ళు కావాలంటున్నారు. ఈసారి కొత్త స్క్రిప్ట్‌లు. సార్ మళ్ళీ షూటింగ్‌కి..." అని నాలుక కరుచుకుంది. "ఐ మీన్, ఇప్పుడు కంప్యూటరే చేసేస్తుంది మేడమ్. ఉన్న వీడియో, ఉన్న వాయిస్ చాలు. చూడండి."

పలక లాంటి తెరను నా ఒళ్ళో పెట్టింది.

దేవరాజ్ అదే సోఫాలో కూర్చొని ఉన్నారు. కానీ మాటలు కొత్తవి. కన్నడంలో మాట్లాడారు. తమిళంలో మాట్లాడారు. తర్వాత హిందీలో, చక్కగా, ఎక్కడా తడబడకుండా మాట్లాడారు. ఆయనకు హిందీలో వచ్చినవి రెండే ముక్కలు, బస్సులో జనాన్ని ముందుకు జరగమనడానికి. ప్రతి భాషలో పెదవులు ఆ మాటకు తగ్గట్టే కదిలాయి. ఆ గొంతు అడుగున ఎప్పుడూ ఉండే చిన్న జీర కూడా ఉంది.

"ఇంకొకటి ఉంది," అంది నళిని మెల్లగా. "ఇది క్లయింట్ కోసం కాదు. మీకోసం చేయించాను."

ఆయన నావైపు తిరిగారు.

"టీచరమ్మా, అలిసిపోయినావా?"

బడిలో పిల్లలకు ఉల్లిపొరను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూపిస్తాను. మొదటిసారి చూసినప్పుడు కొందరు కేక వేస్తారు, ఏదో ఒక పిల్ల మాత్రం వేయదు. కన్ను తీయకుండా అలాగే వంగి ఉండిపోతుంది. వెనుక వరుస తోసినా కదలదు. నేను అలా ఉండిపోయాను. భయం లేదు. కోపం లేదు. మనుషులు ఇంతదాకా వచ్చారా అని, ఎవరికో చేతులెత్తి మొక్కాలనిపించింది. ఎవరికో తెలియలేదు.

"మజ్జిగ తెస్తాను," అని లేచి వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ గోడవైపు తిరిగి, "అవును" అన్నాను. ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేక ఆ జవాబు డిసెంబరు నుంచి లోపలే ఉండిపోయింది.

మజ్జిగ గ్లాసులతో తిరిగి వచ్చేసరికి మా అత్త నళిని పక్కన కూర్చొని ఉంది. తెర ఆమె చేతుల్లో ఉంది.

"ఇంగొక తూరి చూపియ్యమ్మా."

నళిని చూపించింది. టీచరమ్మా, అలిసిపోయినావా. మా అత్త దగ్గరగా వంగి చూసింది.

"చెవి ముట్టుకోలేదే వీడు."

"అది కూడా యాడ్ చేయొచ్చు అమ్మమ్మా," అంది నళిని ఉత్సాహంగా. "మీరు ఏ జెశ్చర్ చెబితే అది పెట్టించేస్తాం. రెండు నిమిషాల పని."

"పెడతారా!" మా అత్త కళ్ళు పెద్దవయ్యాయి. ఆమె ఎగతాళి చేయడం లేదు. "ఎంత సదువమ్మా మీది! మరి ఇట్ల ఎన్ని దినాలు మాట్లాడతాడు?"

"మీరు ఎన్నాళ్ళంటే అన్నాళ్ళు. సార్‌కి వయసు కూడా పెరగదు."

"నేను పోయినాక?"

"అప్పుడు కూడా."

"ఈ బిడ్డ పోయినాక?" అని నన్ను చూపించింది.

నళిని తల ఊపింది.

మా అత్త తెరను మెల్లగా చాపమీద పెట్టింది. నిద్రపోతున్న పసివాడిని దించినట్టు.

"మంగళం ఎప్పుడు పాడతాడు మరి?"

నళినికి అర్థం కాలేదు. నాకైంది. వివరించి చెప్పడానికి నోరు తెరిచాను కానీ మా అత్త చేయెత్తింది.

"ఈ పొద్దుదాకా వాడు చెప్పిందంతా వాడే చెప్పినాడు. మంచో చెడ్డో, రంగుండో లేకనో, వాని నోటితో వాడు చెప్పినాడు. ఇంకమీద వాని నోట మీరు చెప్తారు." కొంచెం ఆగి నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు భారతీ. నీ మొగుడు."

నాకు ఆమె ఒళ్ళోని పళ్ళెం గుర్తొచ్చింది. ఆయన రాని సాయంత్రం ఆ పళ్ళెం ఏమవుతుంది? అది ఒక్కటే నన్ను పట్టుకొని ఉంది. లేదు, అది ఒక్కటే కాదు. ఆ జీర కూడా.

"అత్తా, మళ్ళీ అన్నం..."

"అన్నం సంగతి నాది."

ఫ్యాను తిరుగుతోంది. బయట ట్యాంకరు హారను వేసింది.

"వద్దమ్మా," అన్నాను నళినితో.

"మేడమ్, ఇప్పుడే డిసైడ్ చేయకండి. ఎమౌంట్ గురించి అయితే నేను టీమ్‌తో..."

"దాని గురించి కాదు. ఇప్పుడు వస్తున్నది కూడా రేపటినుంచే ఆపగలరా?"

"అగ్రిమెంట్ ప్రకారం నెలాఖరు వరకు ఆపలేం మేడమ్. సారీ."

ఆమె లేచింది. తెర చేతిలోకి తీసుకొని కొంచెం తటపటాయించింది. "మీకోసం చేసింది మీ ఫోన్‌కి పంపనా? కంపెనీకి సంబంధం లేదు. మీరొక్కరే చూసుకోవచ్చు."

దానికి జవాబు చెప్పడానికి నాకు మొదటిదానికంటే ఎక్కువసేపు పట్టింది.

"తుడిచెయ్యమ్మా. నేను ఇక్కడ ఉండగానే."

నళిని వేలు తెర మీద ఒక క్షణం ఆగింది. తర్వాత ఆనించింది. ఆ అమ్మాయి మజ్జిగ తాగడం మర్చిపోయింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "మా నాన్న వాయిస్ నా దగ్గర లేదు మేడమ్," అని వెళ్ళిపోయింది.

*

నెలాఖరు రోజు పొద్దున్నే మా అత్త హాలు కడిగించింది. టీవీ అద్దం మీద దుమ్మును తన కొంగుతో తుడిచింది. గూట్లోంచి ఇత్తడి హారతి పళ్ళెం దించి చింతపండుతో తోమింది. మేష్ట్రుకు, బాలమ్మకు నాకు చెప్పకుండానే కబురు పంపింది. సాయంత్రం మునినారాయణప్ప ఆటోలో హార్మోనియం పెట్టుకొని వచ్చాడు. బాలమ్మ డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. నీలం బట్టలమీదే తలలో కనకాంబరాలు పెట్టుకొని ఉంది. మౌనిక కూడా వచ్చింది.

"ఈ పొద్దు వస్తాడా, రాడా?" అన్నాడు మేష్ట్రు హార్మోనియం తిత్తి సరిచేసుకుంటూ.

"వస్తాడు," అంది మా అత్త. "ఆట ఎగ్గొట్టినోడు గాదు."

వార్తలు మొదలయ్యాయి. వానలు త్వరగా వస్తాయన్నారు. సబ్బు ప్రకటన అయింది. బంగారం ప్రకటన అయింది. మా అత్త పళ్ళెంలో కర్పూరం వెలిగించి లేచి నిలబడింది.

ఆయన వచ్చారు. కాఫీ తీసుకున్నారు. ఆవిరి లేచింది. చేయి చెవిదాకా వెళ్ళింది.

ఆ క్షణాన హార్మోనియం శ్రుతి పలికింది. మేష్ట్రు కూడా చెవి ముట్టుకున్నాడు.

"...ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నాను. మరి మీరు?"

మేష్ట్రు మంగళం ఎత్తుకున్నాడు. వంగిన ఆ ఒంట్లోంచి అంత గొంతు ఎలా వచ్చిందో! బాలమ్మ గొంతు కలిపింది. మా అత్త హారతిని తెరకు చూపింది. అద్దంలో ఆ మంట ఆయన ముఖం మీద పడి, ఆయన కళ్ళలో రెండు చుక్కలై నిలిచింది. తర్వాత ఆయన లేరు. తెరమీద ఎవరో గోడలకు రంగులు వేస్తున్నారు. మరెవరో కొత్త ఫోను చూపిస్తున్నారు. మంగళం ఇంకా అవలేదు. మా అత్త చేయి అలాగే తిరుగుతోంది. ఎవరూ టీవీ ఆపలేదు. ఆ రంగులమీద, ఆ ఫోనుమీద, మళ్ళీ మొదలైన వార్తలమీద పాట చివరి చరణం దాకా సాగింది. నా జీవితంలో నేను చాలా హారతులు చూశాను. అంత నిండుగా వెలిగినది చూడలేదు.

మా అత్త హారతి కళ్ళకద్దుకొని ముందు బాలమ్మకు ఇచ్చింది.

*

మరునాడు సాయంత్రం నేను వంట త్వరగా ముగించి గడపలో నిలబడ్డాను. మా అత్త ఎప్పటిలాగే పళ్ళెం ఒళ్ళో పెట్టుకొని టీవీ ముందు కూర్చుంది. సబ్బు అయింది. బంగారం అయింది.

అదే ఇల్లు వచ్చింది. అదే సోఫా. అదే ఆవిడ కాఫీ అందించింది. తీసుకున్న మనిషి కొత్తవాడు. నడివయసు, నుదుట సన్నని బొట్టు, మంచి ముఖం. మా వైపు తిరిగాడు.

"ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నాను. మరి మీరు?"

మా అత్త అతన్ని చివరిదాకా చూసింది.

"ఎవురి బిడ్డో," అంది. "వేషం బాగానే కట్టినాడు."

చేయి చాపి టీవీ ఆపింది. ముద్ద పులుసులో అద్ది నోట్లో పెట్టుకుంది. నమిలి, మింగి, వెనక్కి తిరక్కుండానే అంది.

"ఎన్నాళ్ళు నిలబడతావు ఆడ? పళ్ళెం తెచ్చుకో."

తెచ్చుకొని ఆమె పక్కన కూర్చున్నాను.